తలా తోకా తెలిస్తే చాలు

అమెరికాలో ఉన్న అమ్మాయి ఐఫోన్‌తో తీసిన మనవడి ఫొటో మెయిల్ చేస్తుంది. అది మన కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఆఫీసు మెయిల్‌కి ‘విన్‌మెయిల్ డాట్ డ్యాట్’ అనే వింత అటాచ్‌మెంట్ వేలాడుతూ వస్తుంది. రౌటర్ కోసం డౌన్‌లోడ్ చేసిన ఫైలు చివర ‘బిన్’ అని ఉంటుంది. పోనీ నోట్‌ప్యాడ్‌లో చూద్దామని తెరిస్తే తెరనిండా పిచ్చి గుర్తులు.

సరిగ్గా ఇక్కడే చాలామంది రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు ‘అమ్మో, వైరస్’ అని డిలీట్ చేసేస్తారు. ఇంకొందరు ‘ఈ ఫైలు తెరిచే సాఫ్ట్‌వేర్ ఉచితం’ అని కనబడిన ప్రతి ప్రకటననీ నొక్కుకుంటూ పోతారు. మొదటివారు మంచి ఫైలు పోగొట్టుకుంటారు. రెండోవారు లేని వైరస్‌ని కోరి తెచ్చుకుంటారు. భయానికీ తొందరకీ ఇక్కడ మూలం ఒక్కటే: ఎదురుగా ఉన్నదేమిటో తెలియకపోవడం.

అది తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ప్రతి ఫైలునీ మూడు ప్రశ్నలు అడిగే అలవాటు చేసుకుంటే చాలు. దీని తోక ఏమంటోంది? తల ఏమంటోంది? దీన్ని పంపినవారు ఎవరు, ఎందుకు పంపారు? ఈ అధ్యాయమంతా ఆ మూడు ప్రశ్నల గురించే.

బైనరీ అంటే భయపడాల్సిందేమిటి?

కంప్యూటర్‌లో ఉన్న ప్రతి ఫైలూ బైట్ల వరుసే. ఒక్కో బైట్‌లో ఎనిమిది బిట్లు, అంటే 0 నుంచి 255 దాకా ఏదో ఒక సంఖ్య. ఇంతకు మించి డిస్కు మీద ఏమీ లేదు. ఫొటో, పాట, పెళ్లి వీడియో, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆట, అన్నీ ఈ సంఖ్యలే.

ఒక బైట్‌లో 65 అని ఉందనుకోండి. టెక్స్ట్ ఫైల్లో అయితే అది ఇంగ్లిష్ పెద్దబడి ‘ఎ’. నలుపు తెలుపు బొమ్మలో అయితే ఒక మసక చుక్క. పాటలో అయితే ఒక క్షణంలో శబ్దం ఎంత ఎత్తున ఉందో చెప్పే కొలతలో భాగం. ప్రోగ్రామ్‌లో అయితే ప్రాసెసర్‌కి ఇచ్చే ఆజ్ఞలో ఒక ముక్క. 65కి సొంతంగా ఏ అర్థమూ లేదు. రాసిన ప్రోగ్రామ్‌కీ చదివే ప్రోగ్రామ్‌కీ మధ్య ఉన్న ఒప్పందమే దానికి అర్థం ఇస్తుంది. ఆ ఒప్పందాన్నే ‘ఫార్మాట్’ అంటారు.

బైట్లన్నీ అక్షరాలుగా చదువుకోవడానికే రాసి ఉంటే దాన్ని టెక్స్ట్ ఫైలు అంటాం. మిగిలినవన్నీ బైనరీ ఫైళ్లు. కాబట్టి ఫొటోని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనిపించే పిచ్చి గుర్తులు రోగ లక్షణం కావు. చుక్కల రంగులు చెప్పే సంఖ్యలను నోట్‌ప్యాడ్ అమాయకంగా అక్షరాలనుకుని చూపిస్తోంది, అంతే. ఫైలు క్షేమంగానే ఉంది. చూసి మూసేయండి. పొరపాటున కూడా అక్కడ ‘సేవ్’ నొక్కకండి. నొక్కితే మాత్రం ఆ సంఖ్యలు కొన్ని మారిపోయి ఫొటో నిజంగానే పాడవుతుంది.

తెలుగు రాసేవాళ్లకి ఈ ఒప్పందం సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. యూనికోడ్‌లో మన లిపికి చోటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’ని 224, 176, 133 అనే మూడు బైట్లుగా రాస్తారు. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు. ఒక్కోదానికి మూడు చొప్పున 18 బైట్లు. ఈ ఒప్పందం తెలియని ప్రోగ్రామ్ ఒక్కో బైట్‌నీ ఒక్కో యూరప్ అక్షరంగా చదువుతుంది. అప్పుడు 224 స్థానంలో నెత్తిమీద గీత ఉన్న చిన్న ‘ఎ’, 176 స్థానంలో డిగ్రీ గుర్తు కనిపిస్తాయి. తెలుగు పేర్ల జాబితా ఉన్న సీఎస్‌వీ ఫైలుని ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు ఆ గీత ‘ఎ’లూ డిగ్రీ గుర్తులూ వరసకట్టి కనిపిస్తే, మీ డేటా పోలేదని గుర్తించండి. ఫైలు మూసేసి, ఎక్సెల్‌లో ‘డేటా’ ట్యాబ్ నుంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీని దిగుమతి చేసుకునే దారిన వెళ్లి, భాషా పద్ధతుల జాబితాలో 65001 సంఖ్య ఉన్న యూటీఎఫ్-8ని ఎంచుకోండి. తెలుగు తిరిగి వచ్చేస్తుంది.

డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచిన అనూ ఫాంట్లదీ ఇదే కథ. అక్కడ ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంఖ్యలనే వాడుకుని, ఫాంట్‌లో మాత్రం వాటి రూపాలను తెలుగు అక్షరాలుగా గీశారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైలు అర్థంలేని ఇంగ్లిష్‌లా కనిపిస్తుంది. అనూ నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. వాటితో మార్చుకుంటే వెనకటి రాతలు ఫోన్‌లో కూడా చదువుకోవచ్చు.

మొదటి ప్రశ్న: తోక ఏమంటోంది?

ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే మూడు నాలుగు అక్షరాలే తోక. కంప్యూటర్ భాషలో ఎక్స్‌టెన్షన్. జేపీజీ, పీడీఎఫ్, ఎంపీ3 లాంటివి. ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో విండోస్ ముందుగా ఈ తోకని చూసే నిర్ణయిస్తుంది. కానీ విండోస్ తనకు తెలిసిన తోకలను మామూలుగా మనకి చూపించకుండా దాచిపెడుతుంది. ముందు ఆ దాపరికం పోగొట్టండి. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, ‘వ్యూ’లో ‘షో’ నొక్కి, ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్ పెట్టండి. ఈ అధ్యాయంలో ఒక్క పనే చేస్తామనుకునేవారు ఈ పని చేయండి.

తోక కేవలం పేరులో భాగం. ఎవరైనా మార్చేయవచ్చు. ఉద్యోగ దరఖాస్తు పోర్టల్ జేపీజీ ఫొటోనే కావాలంటే, పీఎన్‌జీ ఫొటో పేరు మార్చి జేపీజీ అని పెట్టి ఎక్కించే అభ్యర్థులు ఎందరో. కొన్ని పోర్టళ్లు దాన్ని తిప్పికొడతాయి. దానికి కారణం ఏమిటో తెలియక, సర్వర్ డౌన్ అనుకుని రాత్రంతా మేలుకుంటారు. పేరు మార్చినంత మాత్రాన లోపలి బైట్లు మారవు. ఫొటోని పెయింట్‌లో తెరిచి, ‘సేవ్ యాజ్’లో జేపీజీని ఎంచుకుంటే అప్పుడు నిజంగా మారుతుంది.

ఐఫోన్ ఫొటోలదీ దాదాపు ఇదే సమస్య. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో ఫొటోలు దాచుకుంటున్నాయి. చోటు తక్కువ పడుతుంది కానీ అన్నిచోట్లా తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అందులో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకోమని అమ్మాయికి చెప్పండి. ఇకమీదట తీసేవి జేపీజీలుగా వస్తాయి.

రెండో ప్రశ్న: తల ఏమంటోంది?

తోక అబద్ధమాడగలదు. తలకి అది కష్టం. చాలా బైనరీ ఫార్మాట్లు ఫైలు మొదటి కొన్ని బైట్లలో తమ గుర్తు వేసుకుంటాయి. దాన్ని చూడాలంటే హెక్స్ ఎడిటర్ కావాలి. విండోస్‌లో హెచ్ఎక్స్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ‘ఫైల్’ అనే కమాండ్ ఇస్తే అదే తల చదివి ఏ రకమో చెప్పేస్తుంది. హెక్స్ ఎడిటర్‌లో ఎడమవైపు సంఖ్యలు, కుడివైపు వాటికి సరిపడే అక్షరాలు కనిపిస్తాయి. కుడివైపు మొదటి వరస చదవడం వస్తే సగం పని అయినట్టే.

పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో మొదలై పక్కనే ‘పీడీఎఫ్’ అని ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. జేపీజీ 255, 216, 255 అనే బైట్లతో మొదలవుతుంది. కొంచెం ముందుకెళ్తే ‘జేఎఫ్‌ఐఎఫ్’ అనో ‘ఎక్సిఫ్’ అనో కనిపించడం పరిపాటి. విండోస్ ప్రోగ్రామ్ అయితే ‘ఎంజెడ్’. ఎంఎస్ డాస్ మీద పనిచేసిన మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలవి. జిప్ ఫైలు ‘పీకే’ అని మొదలవుతుంది. 1989లో పీకేజిప్ తెచ్చిన ఫిల్ కాట్జ్ సంతకం అది. ఆ ఇద్దరి పొడి అక్షరాలు రోజూ కోట్ల ఫైళ్ల తలమీద తిరుగుతున్నాయి.

వీటన్నిటిలో తెలివిగా కట్టిన తల పీఎన్‌జీది. 137, 80, 78, 71, 13, 10, 26, 10 అని ఎనిమిది బైట్లు. మధ్యలో 80, 78, 71 అనేవి ‘పీఎన్‌జీ’ అక్షరాలు. మిగతావి అలంకారానికి పెట్టినవి కావు. ఒకప్పుడు కొన్ని వ్యవస్థలు ఫైలు పంపేటప్పుడు ప్రతి బైట్‌లో ఎనిమిదో బిట్‌ని కత్తిరించేవి. అలా కత్తిరిస్తే 137 కాస్తా 9 అయిపోతుంది, దొంగతనం బయటపడుతుంది. 13, 10 అనేది విండోస్ వాడే లైన్ ముగింపు. చివరి 10 యూనిక్స్ వాడేది. టెక్స్ట్ అనుకుని ఎవరైనా వీటిని ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చేస్తే తలలోనే తేడా తెలిసిపోతుంది. 26 అయితే డాస్‌లో ఫైలుని తెరమీద గుమ్మరించబోతే అక్కడితో ఆపేస్తుంది. ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో ముందే ఊహించి పేరు రాసుకున్న ఫార్మాట్ ఇది.

తల గురించి తెలిస్తే పోయిన ఫొటోలు కూడా వెనక్కి రావచ్చు. మెమరీ కార్డులో ఫొటోలు డిలీట్ అయితే, సాధారణంగా వెంటనే చెరిగేది జాబితాలోని పేరే. బైట్లు అక్కడే పడి ఉంటాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ కార్డంతా జల్లెడపట్టి 255, 216, 255 లాంటి తలలు దొరికినచోటల్లా ఫైలుగా వెలికితీస్తుంది. పేర్లు తిరిగి రావు, ఫొటోలు వస్తాయి. అయితే రెండు షరతులు. డిలీట్ అయ్యాయని తెలిసిన క్షణం నుంచి ఆ కార్డు మీద కొత్త ఫొటో ఒక్కటి కూడా తీయకూడదు. వెలికితీసినవాటిని వేరే డిస్కులోకి సేవ్ చేయాలి.

ఒకే తల, వేర్వేరు తోకలు

వర్డ్‌లో రాసిన డాక్స్ ఫైలుని హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. ‘పీకే’ అని కనిపిస్తుంది! ఎక్సెల్ ఫైలూ అంతే, పవర్‌పాయింట్ ఫైలూ అంతే, ఆండ్రాయిడ్ యాప్ ఏపీకే కూడా అంతే. ఇవన్నీ లోపల జిప్ ఫైళ్లే. ఈ సంగతి అక్కరకొచ్చే సందర్భం ఒకటి చెప్తాను. ఎవరో పంపిన వర్డ్ ఫైల్లో ఇరవై బొమ్మలున్నాయి, మీకు అవి విడిగా కావాలి. ఫైలుకి ఒక కాపీ తీసి, కాపీ తోకని జిప్ అని మార్చి తెరవండి. లోపల ‘వర్డ్’ అనే ఫోల్డర్, అందులో ‘మీడియా’ అనే ఫోల్డర్ ఉంటాయి. బొమ్మలన్నీ అక్కడే ఉంటాయి. ఇందాక పేరు మారిస్తే ఫైలు మారదన్నాను కదా, ఇక్కడా మారలేదు. అది మొదటినుంచీ జిప్పే. ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో విండోస్‌కి మనం కొత్తగా చెప్పాం, అంతే.

ఇక ‘బిన్’, ‘డ్యాట్’ అనే తోకలు. వీటి గొడవే వేరు. బిన్ అంటే బైనరీ, డ్యాట్ అంటే డేటా. ఇంటి పేరు అడిగితే ‘మనిషిని’ అని చెప్పినట్టు, ఇవి చెప్పేది ఏమీ ఉండదు. రౌటర్‌లో ఎక్కించే ఫర్మ్‌వేర్ బిన్ కావచ్చు. పాత సీడీకి నకలు బిన్ కావచ్చు. అలాంటప్పుడు పక్కనే ‘క్యూ’ అనే చిన్న ఫైలుంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చదవొచ్చు. విన్‌మెయిల్ డాట్ డ్యాట్ అనేది అవుట్‌లుక్ రిచ్ టెక్స్ట్ పద్ధతిలో పంపిన మెయిల్ అవశేషం. ‘హెచ్‌టీఎంఎల్ లేదా ప్లెయిన్ టెక్స్ట్ పద్ధతిలో మళ్లీ పంపండి’ అని అడిగితే అటాచ్‌మెంట్ మామూలుగా వచ్చేస్తుంది. బిన్‌కీ డ్యాట్‌కీ విరుగుడు ఒక్కటే: అది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తుచేసుకోవడం. రౌటర్ కంపెనీ నుంచి వస్తే రౌటర్‌కి. అక్కడ కూడా మోడల్ నంబర్, హార్డ్‌వేర్ వెర్షన్ రెండూ సరిపోవాలి. తప్పు ఫర్మ్‌వేర్ ఎక్కినా, ఎక్కుతుండగా కరెంటు పోయినా రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు.

అంతా టెక్స్ట్‌లోనే రాస్తే పోదా?

ఇంత తికమక ఎందుకు, అన్నీ చదవగలిగే అక్షరాల్లోనే రాసుకోవచ్చు కదా అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి. 2147483647 అనే సంఖ్యని టెక్స్ట్‌గా రాస్తే పది బైట్లు. బైనరీగా రాస్తే నాలుగే. ప్రోగ్రామ్‌కి దాన్ని అక్షరాల నుంచి సంఖ్యగా మార్చుకునే పని కూడా తప్పుతుంది. సీడీ నాణ్యతలో పాటకి సెకనుకి 44,100 కొలతలు, ఒక్కోదానికి రెండు బైట్లు, ఎడమా కుడీ రెండు చానెళ్లు. వెరసి సెకనుకి 1,76,400 బైట్లు. నిమిషం పాటకి కోటికి పైగా. అదే పాట 128 కిలోబిట్ల ఎంపీ3లో నిమిషానికి 9.6 లక్షల బైట్లే, దాదాపు పదకొండో వంతు. చెవి పట్టించుకోని వివరాలను వదిలేయడం వల్ల అంత ఆదా.

ఈ వదిలేయడం అనే గుణాన్ని బట్టే ఏ పనికి ఏ ఫైలో తేల్చుకోవాలి. 1.2 కోట్ల చుక్కల ఫొటోకి చుక్కకి మూడు బైట్ల చొప్పున 3.6 కోట్ల బైట్లు కావాలి. జేపీజీ దాన్ని కొద్ది మెగాబైట్లకి కుదిస్తుంది, కొంత వివరం పోగొట్టి. మళ్లీ మళ్లీ మార్చి సేవ్ చేస్తే మళ్లీ మళ్లీ పోతుంది. మనుషుల ఫొటోలకి జేపీజీ చాలు. అక్షరాలున్న స్క్రీన్‌షాట్‌కి, లోగోకి ఏమీ పోగొట్టని పీఎన్‌జీ మేలు. ముద్రణకి, సంతకాలకి పీడీఎఫ్. ఫోన్‌లో కాంటాక్టుల్లాంటి సమాచారం ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్లో ఉంటుంది. లక్ష వరసల్లో ఒకదాన్ని వెతకాలంటే ఫైలంతా చదవక్కర్లేకుండా సూచిక పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్తుంది. అదే కాంటాక్టులను కొత్త ఫోన్‌కి తీసుకెళ్లాలంటే మాత్రం వీసీఎఫ్ అనే టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసుకుంటాం. వేగం కావాల్సినచోట బైనరీ, అందరికీ అర్థం కావాల్సినచోట టెక్స్ట్. రెండూ కావాలి మనకి.

పంపేటప్పుడు పాడవకుండా

వాట్సాప్‌లో ఫొటోని ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది. ఫ్లెక్సీకో పుస్తకం అట్టకో కావాల్సిన ఫొటో అయితే ‘డాక్యుమెంట్’గా పంపండి. బైట్లు ఉన్నవి ఉన్నట్టు చేరతాయి. కానీ తీసిన చోటు వివరాలు ఫొటోలో ఉంటే అవి కూడా చేరతాయని గుర్తుంచుకోండి. మెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితికి దగ్గరగా ఉన్న ఫైలు వెనక్కి రావడానికీ కారణముంది. మెయిల్ వ్యవస్థ అక్షరాల కోసం పుట్టింది. బైనరీ ఫైలుని బేస్64 పద్ధతిలో ప్రతి మూడు బైట్లకీ నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతుంది. దాంతో దారిలో ఫైలు మూడో వంతు లావెక్కుతుంది.

ఈ-ఆధార్ లాంటి పీడీఎఫ్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. దాన్ని ‘ప్రింట్ టు పీడీఎఫ్’ చేసి కొత్త ఫైలు తయారుచేస్తే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, సంతకం మాత్రం ఉండదు. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైలునే దాచుకోండి, దాన్నే పంపండి.

పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేసినప్పుడు కొన్ని సైట్లలో ‘ఎస్‌హెచ్ఏ-256’ అని 64 గుర్తుల పొడవాటి వరస ఇస్తారు. అది ఆ ఫైలు వేలిముద్ర. లోపల ఒక్క బిట్ మారినా వరస పూర్తిగా మారిపోతుంది. సెవెన్ జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి మీ కాపీ వేలిముద్ర తీసి పోల్చుకోండి. కలిస్తే ఫైలు పూర్తిగా, మార్పు లేకుండా వచ్చినట్టు.

మూడో ప్రశ్న: ఎవరు పంపారు, ఎందుకు?

తలా తోకా రెండూ నిజం చెప్పినా ప్రమాదం తప్పని ఫైళ్లున్నాయి. పెళ్లిపత్రిక, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ అన్న పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. తోక ఏపీకే, తల పీకే. అబద్ధమేమీ లేదు, అది నిజంగానే యాప్. అసలు ప్రశ్న పెళ్లిపత్రిక యాప్ రూపంలో ఎందుకొచ్చిందన్నది. పత్రిక బొమ్మగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, వీడియోగా వస్తుంది. యాప్‌గా రాదు. ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదివే అనుమతి అడిగి ఓటీపీలు పట్టుకుపోతుంది. పంపింది సొంత బావమరిదే అయినా సరే, ఫోన్ చేసి ‘నువ్వే పంపావా?’ అని అడగండి. ఆయన ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. ఇప్పటికే నొక్కేసి ఉంటే ఇంటర్నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ 1930కీ వెంటనే ఫోన్ చేయండి.

టెక్స్ట్ ఫైలైతే ప్రమాదం లేదనుకోకండి. 2000 మే నెలలో లోకాన్ని అల్లాడించిన ‘ఐ లవ్ యూ’ వైరస్ ఫైలు పేరు చివర ‘టీఎక్స్‌టీ’ అని, దాని తర్వాత ‘వీబీఎస్’ అని రెండు తోకలుండేవి. విండోస్ రెండోది దాచిపెట్టడంతో జనం ప్రేమలేఖ అనుకుని తెరిచారు. నిజానికి వీబీఎస్ చదవగలిగే అక్షరాల్లో రాసిన స్క్రిప్టే. అక్షరాలైనా, సంఖ్యలైనా నడిపించే ప్రోగ్రామ్ ఉంటే పని చేస్తాయి. అందుకే ‘చూసే ఫైలా, నడిచే ఫైలా’ అని అడగాలి. ఈఎక్స్‌ఈ, ఏపీకే, వీబీఎస్, బీఏటీ, ఇవి నడిచేవి. మీరు కోరి తెచ్చుకున్నవైతే తప్ప నొక్కకండి.

పదేళ్ల తర్వాత తెరుచుకుంటుందా?

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. తెలుగు నాట ఎన్నో పుస్తకాలు, పత్రికలు, ఊరి చరిత్రలు ఆ ఫైళ్లలో, అనూ ఫాంట్లలో ఉండిపోయాయి. ఫైలు ఉంది, బైట్లు ఒక్కటీ పోలేదు. చదివే ప్రోగ్రామే మరుగున పడుతోంది. మీ దగ్గర అలాంటివి ఉంటే, అది నడిచే పాత కంప్యూటర్ ఊపిరితో ఉండగానే పీడీఎఫ్‌గా ఒక కాపీ, యూనికోడ్ టెక్స్ట్‌గా ఒక కాపీ తీయించండి. మొదటిది పేజీ రూపాన్ని కాపాడుతుంది, రెండోది మాటలను. ఇక నుంచి రాసేవాటికీ ఇదే సూత్రం: పని చేసుకునే ఫార్మాట్ ఒకటి, దాచుకునే ఫార్మాట్ ఒకటి.

ఈ వారం చేయాల్సినవి

మొదటి పని: మీ కంప్యూటర్‌లో తోకలు కనిపించేలా సెట్టింగ్ మార్చండి. ఇంట్లో అమ్మానాన్నల కంప్యూటర్‌లో కూడా.

రెండో పని: ఒక జేపీజీ, ఒక పీడీఎఫ్, ఒక వర్డ్ ఫైలు కాపీలు తీసుకుని హెక్స్ ఎడిటర్‌లో తలలు చూడండి. తర్వాత వేరొకరిచేత ఆ మూడింటి తోకలు తీసేయించి, ఏది ఏదో తల చూసి చెప్పండి.

మూడో పని: ఒక వర్డ్ ఫైలు కాపీని జిప్‌గా మార్చి అందులోని బొమ్మలు బయటికి తీయండి.

నాలుగో పని: మీ ఫోన్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి ఏపీకే అని ఉన్నవన్నీ వెతకండి. ఎందుకు తెచ్చుకున్నారో చెప్పలేనిది ఏదైనా ఉంటే తీసేయండి. దాన్ని అప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే యాప్‌ని కూడా తొలగించండి.

అయిదో పని: మీ ఇంట్లో అతి ముఖ్యమైన పది ఫైళ్ల జాబితా రాయండి. ఒక్కోదాని పక్కన ఏ ప్రోగ్రామ్‌తో తెరుచుకుంటుందో, రెండో కాపీ ఎక్కడుందో రాయండి. ఖాళీగా మిగిలిన గళ్లే మీ వచ్చే ఆదివారం పని.